నక్కలగెడ్డ దగ్గర ఆగిన జీపు

చింతపల్లి కొండల్లో బూరుగుమెట్ట అనే ఊళ్ళో బొంజుబాబు అనే జీపు డ్రైవరు ఉండేవాడు. మనిషి మంచివాడే గాని, పైకి కనిపించిందీ వినిపించిందే బలం అనుకునే గుణం ఒకటి అతన్ని పట్టుకుని ఉండేది. సంతలో కోడిపుంజును కొంటే కూత విని కొనేవాడు. గొడుగు కొంటే రంగు చూసి కొనేవాడు. ఆ గొడుగు మొదటి గాలివానకే తిరగబడేది, ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళు, తనూ నవ్వేసేవాడు. మళ్ళీ వానాకాలానికి ఇంకో రంగు గొడుగు కొనుక్కొచ్చేవాడు.

జీపు అంటే అతనికి ప్రాణం. అందులోనూ ఆ జీపు హారన్ అంటే మరీ ప్రాణం. అలాంటి హారన్ చుట్టుపక్కల ఏ బండికీ లేదు. నాలుగు మలుపుల అవతల కొడితే ఇవతలి ఊళ్ళో పిల్లలు లేచి కూర్చునేవాళ్ళు. బొంజుబాబు భార్య కాసులమ్మ పుట్టినూరు వెలగలబంద. అక్కడ ఆమె తల్లి సింగారమ్మ ఒక్కతే ఉండేది. కాసులమ్మ తప్ప ఆమెకు వేరే పిల్లలు లేరు. కూతురు ఇంటికి రమ్మని ఎన్నిసార్లు పిలిచినా, "నా మిరియం పాదులు ఎవరు చూస్తారే" అని వచ్చేది కాదు. అల్లుడి హారన్ దూరంగా వినపడగానే ఆ ముసలమ్మ పొయ్యి మీద అంబలి దించి, గిన్నె కడిగి, గుమ్మంలోకి వచ్చి నిలబడేది. "మా అల్లుడు వస్తే నాకే కాదు, కొండలక్కూడా తెలిసిపోతాది" అని ఇరుగుపొరుగుతో చెప్పి మురిసిపోయేది.

ఆ కొండల్లో జీపు డ్రైవర్లకు ఒక అలవాటు ఉంది. సాయంత్రం బండిని ఎప్పుడూ దిగుడు మీదే ఆపుతారు. పొద్దున్నే బ్రేకు వదిలితే చాలు, బండి దానంతట అదే కిందికి జారుతుంది. కాస్త వేగం అందుకున్నాక రెండో గేరు వేసి క్లచ్చి వదిలితే ఇంజన్ లేచి కూర్చుంటుంది. స్టార్టరుతో పనే లేదు. అందుకే అక్కడ ఎవరి బ్యాటరీలో ఎంత సత్తువ ఉందో ఎవరికీ తెలియదు. బండి నడిపేవాడికి అసలే తెలియదు. బొంజుబాబు ఇంటి ముందు మంచి దిగుడు ఉండేది. పాత బ్యాటరీ ఎప్పుడు చచ్చిపోయిందో అతను గమనించనే లేదు. ఒకరోజు హారన్ మూగబోయింది. అప్పుడు గాని, అయ్యో బ్యాటరీ పోయిందే అనుకోలేదు.

చలికాలం ముందు అతను కొత్త బ్యాటరీ కోసం నర్సీపట్నం బయలుదేరాడు. జీపు ఎక్కుతుంటే కాసులమ్మ దగ్గరికి వచ్చింది.

"ఈసారి గట్టిది చూసి తే మావా. అమ్మకి ఆయాసం ఎక్కువవుతోంది. ఎప్పుడు ఏ కబురు వస్తాదో. ఆ వేళకి నన్ను అమ్మ దగ్గరికి చేర్చావంటే చాలు, నిన్ను ఇంకేమీ అడగను."

"దానికేం భాగ్యం? కబురు రావడం ఆలస్యం, గంటలో మీ అమ్మ గుమ్మంలో దింపుతాను" అన్నాడు బొంజుబాబు.

నర్సీపట్నంలో సత్యలింగం అనే పెద్దాయనకు బ్యాటరీల షాపు ఉండేది. ముప్ఫై ఏళ్ళుగా యాసిడ్ చుక్కలు పడీ పడీ ఆయన చొక్కాలన్నీ చిల్లులే. మాట నెమ్మది, చేతి పని ఇంకా నెమ్మది. తొందరలో ఉన్నవాళ్ళకు ఆయనంటే విసుగు.

"ఏ బండి తమ్ముడూ?" అని అడిగాడు.

"డీజిల్ జీపు, బాబాయ్. లంబసింగి అవతల, మా కొండల్లో తిరుగుతాది."

సత్యలింగం లోపలికి వెళ్ళి, దుమ్ము పట్టిన ఒక నల్లటి బ్యాటరీని రెండు చేతులా ఈడ్చుకొచ్చాడు. అది మోయడానికే ఆయనకు ఆయాసం వచ్చింది. బొంజుబాబు మాత్రం దానివైపు చూడలేదు. గాజు అద్దాల బీరువాలో ఎర్రటి మూతతో ఒక చిన్న బ్యాటరీ నిగనిగలాడుతోంది. దాన్ని తీసి ఒంటిచేత్తో పైకి ఎత్తాడు.

"ఇది బాగుంది బాబాయ్."

"అది పెట్రోలు కార్లది. నీ బండికి ఆనదు."

"ఒకసారి హారన్‌కి కలిపి చూపించు."

కలిపి చూపించాడు. హారన్ బజారంతా దద్దరిల్లేలా మోగింది. హెడ్‌లైట్లకు కలిపితే అవీ పట్టపగలు కళ్ళు చెదిరేలా వెలిగాయి. బొంజుబాబు మొహం వెలిగిపోయింది. మీటరు పెట్టి చూస్తే రెండు బ్యాటరీలూ పన్నెండున్నర వోల్టులే చూపించాయి.

"చూశావా? రెండూ ఒకటే. మరి ఈ నల్ల గుండు నేనెందుకు మోయాలి?" అన్నాడు బొంజుబాబు.

సత్యలింగం స్టూలు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. "పనీపాటా లేకుండా కూర్చున్నప్పుడు రెండూ ఒకటే తమ్ముడూ. హారన్‌కి, లైట్లకి చిటికెడు కరెంటు చాలు. ఆగిపోయిన డీజిల్ ఇంజన్ని కదిలించడం వేరే సంగతి. ఆ నాలుగు సెకన్లలో బ్యాటరీ ప్రాణమంతా లాగేస్తుంది. అందులోనూ మీది మంచు ఊరు. చలికి ఇంజన్ ఆయిల్ జిగురైపోతుంది, ఇంజన్ ఇంకా బరువెక్కుతుంది. అదే చలికి బ్యాటరీ బలం తగ్గిపోతుంది. అక్కడ బరువు పెరుగుతుంది, ఇక్కడ బలం తరుగుతుంది. అందుకే పెద్దది పెట్టుకోమంటున్నాను. నా మాట నమ్మొద్దు. స్టార్టరు లాగినంత లోడు పెట్టి చూపిస్తా, పది సెకన్ల పని. మీటరులో ఏ ముల్లు నిలబడుతుందో, ఏది జారిపోతుందో నువ్వే నీ కళ్ళతో చూడు."

ఆయన బల్ల కింద నుంచి లోడు పెట్టే మీటరు తీసి, తీగల చిక్కు విప్పడం మొదలుపెట్టాడు. ఆ పది సెకన్లు నిలబడి చూసి ఉంటే ఈ కథే లేకపోయేది. కాని బొంజుబాబుకు ఓపిక ఎక్కడిది? రోడ్డు మీద ప్యాసింజర్లు ఎదురు చూస్తున్నారు.

"మా బళ్ళు దిగుడు మీద స్టార్టవుతాయిలే బాబాయ్" అని నవ్వి, ఎర్ర మూత బ్యాటరీని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. సత్యలింగం మీటరు తీగలు మళ్ళీ చుట్టి బల్ల కింద పెట్టేశాడు.

కొత్త బ్యాటరీతో హారన్ మునుపటికంటే గట్టిగా మోగింది. బొంజుబాబు దాన్ని తోటి డ్రైవర్లందరికీ వినిపించాడు. ఎవరైనా "బండి ఎలా ఉంది?" అని అడిగితే నోటితో చెప్పేవాడు కాదు, హారన్ కొట్టేవాడు. రోజూ దిగుడు మీద జీపు జారడం, ఇంజన్ అందుకోవడం జరిగిపోయేవి. నెలన్నర గడిచింది. ఆ నెలన్నరలో ఒక్కరోజు కూడా అతను చదునైన నేల మీద స్టార్టరు నొక్కి చూడలేదు.

పుష్యమాసం వచ్చింది. పొద్దెక్కినా పొగమంచు విడవని రోజులు. ఒకనాడు పొద్దున్నే ఆరుగంటలకు ఫోను మోగింది. సింగారమ్మకు వరుసకు చెల్లెలైన దాలమ్మ మాట్లాడింది. ఆమె ఇల్లు సింగారమ్మ ఇంటి పక్కనే.

"కాసులూ, మీ అమ్మకి రాత్రి నుంచీ ఊపిరి ఆడట్లేదే. ఆసుపత్రి నర్సమ్మ వచ్చి చూసి పెదవి విరిచింది. తెలివిలోనే ఉంది. కాసులు ఏదీ, వచ్చిందా అని అడుగుతోంది. తొందరగా వచ్చెయ్యమ్మా."

కాసులమ్మ ఏడవలేదు. గూట్లో ఉన్న చిన్న ఇత్తడి చెంబు కడిగి, నీళ్ళు నింపి, మూతికి గుడ్డ కట్టింది. అది చిన్నప్పుడు తల్లి ఇచ్చిన చెంబు. ఆఖరి వేళ కన్నబిడ్డ చేతి నీళ్ళు నోట్లో పడాలని సింగారమ్మ ఎప్పుడూ అంటూ ఉండేది. చెంబు ఒళ్ళో పెట్టుకుని కాసులమ్మ జీపులో కూర్చుంది. బొంజుబాబు బ్రేకు వదిలాడు. జీపు జారింది, ఇంజన్ అందుకుంది. వెలగలబంద అక్కడికి గంట ప్రయాణం.

సగం దారిలో నక్కలగెడ్డ అనే చిన్న వాగు ఉంది. దానికి ఇటూ ఎక్కుడే, అటూ ఎక్కుడే. మధ్యలో వంతెన దగ్గర నాలుగడుగులు చదును నేల. అక్కడ ఫోనుకు సిగ్నల్ కూడా అందదు. అక్కడికి చేరేసరికి మంచు ఎంత దట్టంగా దిగిందంటే జీపు ముందుభాగమే కనిపించలేదు. పక్కన లోయ. ఆ మంచులో ఎక్కుడు ఎక్కడం మంచిది కాదని బొంజుబాబు వంతెన పక్కగా జీపు ఆపాడు. ఆ ఆపడంలో తప్పు లేదు, ఎవరైనా అదే చేస్తారు. చెయ్యి తాళం మీదకు వెళ్ళడం చూసి కాసులమ్మ అతని మణికట్టు పట్టుకుంది.

"ఇంజన్ ఆపకు మావా. ఇక్కడ దిగుడు లేదు."

"ఎంతసేపని ఊరికే తిరగనిస్తాం? కొత్త బ్యాటరీ. భయమేటి?" అని అతను తాళం తిప్పేశాడు.

మంచులో ఎదురొచ్చే బండ్లకు కనపడాలని హెడ్‌లైట్లు వేసే ఉంచాడు. మధ్య మధ్య హారన్ కొడుతూ ఉన్నాడు. అరగంట అలా గడిచింది. లైట్లు తెల్లగా వెలుగుతూనే ఉన్నాయి, హారన్ మోగుతూనే ఉంది. లోపల బ్యాటరీ మాత్రం కొంచెం కొంచెంగా నీరసించిపోతోంది. ఆ సంగతి చెప్పడానికి దానికి నోరు లేదు.

ఏడున్నరకు మంచు విడిపోయింది. బొంజుబాబు తాళం తిప్పాడు. ఇంజన్ ఒకసారి మూలిగింది. రెండోసారి తిప్పితే టక్కుమని ఒక చప్పుడు వచ్చి ఊరుకుంది. మూడోసారీ టక్కుమంది.

"ఏటయింది?" అంది కాసులమ్మ.

బొంజుబాబు హారన్ నొక్కాడు. కాస్త బొంగురుగా అయినా మోగింది. అతనికి ధైర్యం వచ్చింది. "బ్యాటరీ ఉంది. విన్నావుగా? డీజిల్ పైపులో గాలి పట్టి ఉంటాది. ఒక్క నిమిషం."

బోనెట్ ఎత్తాడు. పైపు విప్పాడు, ఊదాడు, బిగించాడు. తాళం తిప్పితే మళ్ళీ టక్కు. కాసులమ్మ చెంబు పట్టుకుని కిందికి దిగింది.

"కొండ అడ్డదారిన గంటన్నర నడక. నేను నడిచి పోతాను మావా."

"నువ్వు సగం దూరం పోకముందే బండి స్టార్టవుతాది. ఒక్క నిమిషం ఆగు" అన్నాడు బొంజుబాబు. ఆ మాట అబద్ధమని అతనికే తెలియదు పాపం. హారన్ మోగినంతసేపూ బ్యాటరీ బాగున్నట్టేనని మనసారా నమ్మాడు. ఫిల్టరు విప్పాడు. వైర్లన్నీ కదిపి చూశాడు. ఇద్దరూ కలిసి జీపును తోశారు. ఆ నాలుగడుగుల చదును మీద అది కదిలింది, ఎక్కుడు తగలగానే ఆగింది. కాసులమ్మ కాళ్ళు తడిమట్టిలో జారి మోకాలు చీరుకుపోయింది. ఆమె లేచి, చెంబులో నీళ్ళు ఒలికాయేమోనని ముందు అది చూసుకుంది. "ఒక్క నిమిషం" అని అతను ఇంకా నాలుగైదుసార్లు అన్నాడు. ఒక్కొక్క నిమిషం ఒక్కొక్క పావుగంట అయింది. ఆ దారిన ఇంకో బండీ రాలేదు. తొమ్మిదిన్నర దాటాక కాసులమ్మ వంతెన గోడ మీద కూర్చుని వెలగలబంద కొండవైపు చూస్తూ ఉండిపోయింది.

పదిగంటలకు కాఫీ తోటల్లో పనికి వెళ్ళే ఎనిమిది మంది అటుగా వచ్చారు. వాళ్ళలో ఒక ముసలాయన ఒకప్పుడు లారీ నడిపినవాడు. తాళం ఒకసారి తిప్పి చూసి, ఆ చప్పుడు విని, బ్యాటరీ మీద చెయ్యి వేశాడు.

"ఈ పిల్ల బ్యాటరీతో డీజిల్ బండినా బాబూ? పైపులన్నీ ఎందుకు విప్పావు?"

"హారన్ మోగుతోంది కదా తాతా" అన్నాడు బొంజుబాబు.

"హారన్ మోగితే ఏటి? దానికి బరువేముంది?" అన్నాడు ముసలాయన.

నర్సీపట్నంలో సత్యలింగం చెప్పిన మాటలే బొంజుబాబు చెవిలో మళ్ళీ పడ్డట్టయింది. ఎనిమిది మందీ కలిసి జీపును వెనక్కి, వచ్చిన ఎక్కుడు మీదకే తోశారు. అక్కణ్ణుంచి వదిలితే కిందికి జారి ఇంజన్ అందుకుంది. పదీ నలభై అయ్యేసరికి వాళ్ళు వెలగలబంద మలుపు దగ్గరికి వచ్చారు. అలవాటు చొప్పున బొంజుబాబు చెయ్యి హారన్ మీద పడింది. జీపు వాకిట్లో ఆగేసరికి గుమ్మంలో దాలమ్మ నిలబడి ఉంది. సింగారమ్మ లేదు.

"ఎంతసేపయింది పిన్నీ?" అని అడిగింది కాసులమ్మ.

"గంట దాటిందే తల్లీ" అంది దాలమ్మ.

లోపల సింగారమ్మను చాప మీద పడుకోబెట్టారు. ఒంటి మీద దుప్పటి మడతలు లేకుండా సర్ది ఉంది. దాలమ్మ ఏడుస్తూ చెప్పింది. "ఎనిమిదింటి దాకా లేచి కూర్చునే ఉంది. పడుకోవే అంటే వినలేదు. అల్లుడి హారన్ వినపడిందా, వినపడిందా అని పదిసార్లు అడిగింది. వినపడగానే దుప్పటి సరిగ్గా కప్పు, కాసులు నన్నిలా చూస్తే భయపడతాది అంది. నీళ్ళు పోస్తానంటే తాగలేదు. కాసులు తెస్తాది అంది. ఆఖరికి నా మనసు ఆగక, ఇదిగో వినపడిందే, వస్తున్నారే అని అబద్ధం చెప్పాను. అప్పుడు కళ్ళు మూసుకుంది."

కాసులమ్మ చెంబు మూతికి కట్టిన గుడ్డ విప్పింది. తల్లి పెదవుల మీద నీళ్ళు పోసింది. అవి లోపలికి పోలేదు, చెంపల మీదుగా జారి చాప మీద పడ్డాయి. ఆమె తన కొంగుతో ఆ చెంపలు తుడిచింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న బొంజుబాబు అక్కడే కూలబడిపోయాడు. చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

పదోరోజు కర్మ అయ్యాక ఇద్దరూ ఇల్లు చేరారు. కాసులమ్మ అతన్ని ఒక్క మాట అనలేదు. వేళకు వండి పెట్టేది, అడిగినదానికి జవాబు చెప్పేది. తిట్టినా బాగుండునని బొంజుబాబుకు అనిపించేది. జీపు ఎక్కినప్పుడు అతని చెయ్యి హారన్ దగ్గరికి పోయేది కాదు. మలుపుల్లో కొట్టక తప్పనప్పుడు కొట్టేవాడు గాని, ఆ చప్పుడు విన్న ప్రతిసారీ, దాని కోసం ఎదురు చూస్తూ కూర్చున్న అత్త కళ్ళ ముందు కనిపించేది.

తరవాత ఒకరోజు అతను ఎర్ర మూత బ్యాటరీని చంకన పెట్టుకుని సత్యలింగం షాపు మెట్లెక్కాడు. ఈసారి కూర్చున్నాడు. తొందరపడలేదు.

"లోడు పెట్టి చూపించు బాబాయ్" అన్నాడు.

సత్యలింగం ముందు దానికి నిండా ఛార్జి ఎక్కించాడు. మూడుగంటలైనా బొంజుబాబు కదలలేదు. ఛార్జి అయ్యాక మీటరు పన్నెండున్నర దాటి చూపించింది. సత్యలింగం లోడు పెట్టాడు. ముల్లు గభాలున జారి, తొమ్మిది దాటి, ఎనిమిది దాటి, ఇంకా కిందికే పోయింది. తరవాత నల్లటి పెద్ద బ్యాటరీకి పెట్టాడు. ముల్లు పదిన్నర దగ్గరికి దిగి, అక్కడే నిలబడింది. పది సెకన్లయినా కదల్లేదు.

"అంతే తమ్ముడూ తేడా" అన్నాడు సత్యలింగం.

"ఇది చూడ్డానికి ఆ రోజు నాకు పది సెకన్లు లేకపోయాయి బాబాయ్" అని బొంజుబాబు జరిగిందంతా చెప్పాడు. సత్యలింగం మీటరు పక్కన పెట్టాడు. "నేనైనా నీ చెయ్యి పట్టుకుని ఆపాల్సింది" అన్నాడు. ఆయన కళ్ళు చెమర్చాయి.

ఆ సాయంత్రం బొంజుబాబు నల్లటి బ్యాటరీ బిగించిన జీపును దిగుడు మీద కాకుండా, ఇంటి పక్కన చదును నేల మీద ఆపాడు. మర్నాడు పొద్దున్నకి, రాత్రంతా మంచు కురిసి బండి అంతా తడిసి ఉంది. కాసులమ్మను సంతకు తీసుకెళ్ళాలి. ఆమె వచ్చి పక్కన కూర్చుంది. బండి దిగుడు మీద లేదని గమనించి అతని వైపు చూసింది. బొంజుబాబు తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే, మూలుగు కూడా లేకుండా, ఇంజన్ అందుకుంది.

కాసులమ్మ చాలాసేపు ఆ చప్పుడు వింటూ కూర్చుంది. తరవాత నెమ్మదిగా అంది, "ఇంతేనా మావా? ఇంత తొందరగా అయిపోతాదా?"

ఆ మాటతో పాటు ఇన్నాళ్ళూ ఆమె లోపల బిగబట్టుకున్న ఏడుపంతా బయటికి వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అమ్మా అమ్మా అంటూ ఏడ్చింది. బొంజుబాబు ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. ఊరుకోమని అనలేదు. ఇంజన్ కూడా ఆపలేదు.

ఆ తరవాత అతను ఆ దారిలో ప్రతి డ్రైవరుకూ ఒక మాట చెబుతుండేవాడు. వారానికి ఒక్కరోజైనా బండిని చదును నేల మీద పెట్టి, చలిపొద్దున స్టార్టరు నొక్కి చూసుకోమనేవాడు. కొందరు వినేవాళ్ళు, కొందరు నవ్వి తమ హారన్ కొట్టి చూపించేవాళ్ళు. నవ్వినవాళ్ళకు మాత్రం అతను సింగారమ్మ సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పేవాడు.

నీతి: వెలుగు చూసి, చప్పుడు విని బలాన్ని నమ్మకూడదు, బరువు పడ్డప్పుడు నిలబడేదే బలం, ఆ బరువు నిజంగా పడే రోజు రాకముందే దాన్ని పరీక్షించి తెలుసుకోవాలి.